నాకంటే ముందు ఆమె చూసిన ఊరు

గల్ఫ్‌లో సీబ్ అనే ఊళ్లో ఒక విల్లాలో నేను వంటమనిషిని. మాది కడప. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా బడిలో చదివింది తెలుగే. ఆ విల్లాలో పిల్లల్ని చూసుకునే ఆయాది అమలాపురం వైపు. నాకన్నా చాలా తర్వాత వచ్చింది. మేడమ్ ముఖం చూసి కోపం ఎలా కనిపెట్టాలో, మేడమ్ అత్తగారి టీలో ఆమెకు తెలియకుండా చక్కెర ఎలా తగ్గించాలో అన్నీ నేర్పింది నేనే. నన్ను అక్కా అని పిలిచేది. ఒకే గదిలో పడుకునేవాళ్లం.

ఎండాకాలం సెలవులకు మేడమ్ వాళ్లు చల్లటి దేశాలకు పోతారు. ఆ ఏడు నార్వేలో ట్రోమ్సో అనే ఊరు అనుకున్నారు. భూమికి ఉత్తరాన చిట్టచివర ఉంటుందట. ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు అస్తమించడట. నేను చేపకు మసాలా పట్టిస్తుంటే మేడమ్ వంటగదిలోకి వచ్చి, పిల్లలతో ఆయా వస్తుందని, ఇంట్లో అత్తగారిని నేను చూసుకోవాలని చెప్పింది. తల ఊపాను. చేపకు ఉప్పు రెండుసార్లు పడింది.

ప్రయాణం ముందు ఆయా కొత్త ఉన్నికోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడి, "ఎలా ఉందక్కా?" అంది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

"ఎలుగుబంటి మాదిరుండావు" అన్నాను.

పడీపడీ నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

వాళ్లు పోయాక ఆ పెద్ద ఇంట్లో ఏసీ చప్పుడు, నేను, పెద్దావిడ మిగిలాం. ఆమెను అందరం మామా అనేవాళ్లం, అంటే అక్కడ అమ్మ అని. బలూచీ కుటుంబంలో పుట్టిన మనిషి, ఉర్దూ బాగా మాట్లాడుతుంది. మోకాళ్లు సహకరించక ఆగిపోయింది. రోజూ నా ఫోనుకు ఫోటోలు వచ్చేవి. అరచేతిలో మంచుగడ్డతో ఆయా. తీగల మీద వేలాడే బండిలో కొండెక్కుతూ ఆయా. ఒకసారి ఫోటోతో పాటు గొంతు రికార్డు చేసి పంపింది: "అక్కా, ఇక్కడ అర్ధరాత్రయ్యింది, ఎండ చూడు! పిల్లలు పడుకోవట్లేదు, కిటికీలకి దుప్పట్లు కట్టేశాను."

"ఇటివ్వు" అని మామా ఫోను లాక్కునేది. బొమ్మను పెద్దది చేసి చూసేది. "మంచులో ఈ పిల్ల, మంచం మీద నేను. కొడుకు మాత్రం నావాడు!" అని మూతి తిప్పేది. ఇద్దరం కూర్చుని వాళ్లను ఆడిపోసుకునేవాళ్లం. ఆ చలికి జలుబు చేస్తుందని, ఆ తిండి పడదని, నిద్రలేక పిచ్చెక్కుతుందని. ఎవరికీ ముక్కు కూడా కారలేదు. బుగ్గలు ఎర్రగా చేసుకుని తిరిగొచ్చారు.

ఆ శుక్రవారం పార్కులో మా తెలుగు ఆడవాళ్లంతా ఆయా చుట్టూ చేరారు. నేను ఫ్లాస్కులోని టీ అందరికీ పోస్తున్నాను. ఒకామె అడిగింది: "ఇంట్లో ఇద్దరుంటే మేడమ్ నిన్నే ఎందుకు తీస్కపోయింది?"

"నేనే అడిగానండి, నన్ను తీసుకెళ్లమని" అంది ఆయా, చాక్లెట్లు పంచుతూ.

గదికి వచ్చేదాకా ఓర్చుకున్నాను. "అడిగినట్టు నాతో ఒక్క మాటన్నా చెప్పలేదే నువ్వు?"

"చెబితే నువ్వూ అడిగేదానివి కదక్కా."

కళ్లు కూడా దించుకోలేదు. ఏదో ఒక అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. అన్నేళ్లలో అలా అడగవచ్చని నాకు తోచనే లేదు. ఊరు చూసి వచ్చినందుకు కన్నా, ఆ మాట తోచినందుకు ఆమె మీద ఎక్కువ కుళ్లుకున్నాను.

మర్నాడు అన్నం వడ్డిస్తూ అడిగేశాను. "మేడమ్, వచ్చే ఏడు నన్ను తీసుకుపోండి."

మేడమ్ ఆశ్చర్యంగా చూసి, "ఇన్షా అల్లా" అంది. ఆ మాట వెనక అవునూ ఉండవచ్చు, కాదూ ఉండవచ్చు.

మామా చెంచా కింద పెట్టింది. "అల్లా ఒప్పుకుంటాడులే. నువ్వు ఒప్పుకుంటావా, అది చెప్పు" అంది కోడలితో.

మేడమ్ నవ్వి ఒప్పుకుంది.

మరుసటి ఏడు పిల్లలు మళ్లీ ట్రోమ్సోకే పోదామని పేచీ పెట్టారు. నేను వెళ్లాను, ఆయా ఉండిపోయింది. దిగిన మొదటి గంట నుంచీ పిల్లలు నాకు ఊరు చూపించారు. ఆయా జారిపడింది ఇక్కడే. ఆయా ఐస్‌క్రీమ్ కొనిచ్చింది ఈ కొట్టులోనే. వంతెన మీద ఆయా అయితే మాతో పరుగెత్తేది, నువ్వెందుకు పరుగెత్తవు? అంత దూరం పోయి కూడా ఆమె అడుగుల మీదే నడుస్తున్నట్టుంది. పైగా ఉన్నన్ని రోజులూ సన్నటి వాన. కొండెక్కితే కింద ఊరు లేదు, పైన సూర్యుడు లేడు, చుట్టూ తెల్లటి మబ్బు. రాత్రుళ్లు చీకటి పడకపోవడమైతే చూశాను. గదిలో పిల్లలు నిద్రపోయాక కిటికీ తెర కాస్త తొలగించి, ఆ బూడిదరంగు వెలుతురులో ఖాళీగా ఉన్న వీధిని చూస్తూ కూర్చునేదాన్ని. ఎక్కడి నుంచి వస్తోందో తెలియని వెలుతురు. అది బాగానే ఉండేది. కానీ ఆమె ఫోటోలో ఉన్నది అది కాదు.

తిరిగొచ్చిన రోజు పెట్టె లోపలికి మోస్తూ ఆయా ఆత్రంగా అడిగింది. "చూశావా అక్కా? సూర్యుడు నీళ్ల మీద అంత కిందికి దిగి, మునగకుండా మళ్లీ పైకి లేస్తాడు, చూశావా?"

"లేదు. అన్నిదినాలూ మబ్బే."

నవ్వుతుందనుకున్నాను. నవ్వితే నాలుగు మాటలు అందామని సిద్ధంగా కూడా ఉన్నాను. ఆమె పెట్టె కింద పెట్టేసి నా చేయి పట్టుకుని, "అయ్యో అక్కా" అంది. నిజంగానే బాధపడింది. ఆ అయ్యో నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.