బ్యాటరీ లేని కారు వేడెక్కిన ఉదయం

ఈ సంగతి చెప్పబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడ్డం పడ్డారు. మా బావమరిది టీవీ పెట్టాడు. ఆఫీసులో మా సూపరింటెండెంటు గడియారం చూసుకున్నాడు. ఒక పెళ్లి పందిట్లో సగం చెప్పేసరికి, పక్కనున్నాయన మంచినీళ్లకని లేచి వెళ్లి, ఇంకో బంతిలో కూర్చుని భోంచేశాడు. ఆయన పేరు నాకిప్పటికీ గుర్తుంది. చెబితే వినేవాళ్లు లేరు కాబట్టి రాస్తున్నాను.

ముందే ఒక మాట. దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఏనాడూ గురి లేదు. శ్రీకాకుళం నుంచి ఓడెక్కి అండమాన్‌కి ఉద్యోగానికొచ్చిన కొత్తలో, ఎవరూ అద్దెకు దిగని ఇంట్లో ఏళ్ల తరబడి ఉన్నాను. అందులో చెదలు తప్ప ఇంకేమీ లేవు.

మా ఆవిడ ఇక్కడే పుట్టింది. ఆమె తండ్రి ఫెరార్గంజ్‌లో స్థిరపడిన మనిషి, అటవీశాఖ లారీ డ్రైవరు. నేను చౌల్దారీలో ఇల్లు కట్టుకుని, పోర్ట్ బ్లెయిర్ ఆఫీసుకి తిరగడానికి ఒక పాత డీజిల్ కారు కొన్నాను. అప్పటికే దాని మీటరు నిండా తిరిగి మళ్లీ సున్నా దగ్గర మొదలైంది. మా అమ్మాయి సీమంతంలో నలుగురి ముందూ మా బావమరిది ఆ కారుని "డబ్బా" అన్నాడు. నవ్వినవాళ్లలో మా ఆవిడ కూడా ఉంది.

ఆ ఏడు వానలు పట్టగానే కారు పొద్దున్నపూట స్టార్ట్ కావడం మానేసింది. మొదట నేనే చూశాను. సముద్రపు గాలికి బ్యాటరీ టెర్మినల్స్ మీద పచ్చటి ఉప్పు పేరుకుని ఉంది. వేన్నీళ్లు పోసి గీకాను. ఇంజన్ బాగానే తిరిగింది కానీ అందుకోలేదు. వెనక గొట్టం నుంచి తెల్లటి పొగ మాత్రం వచ్చింది. అంటే డీజిల్ లోపలికి పోతోంది, మండడం లేదు. ఈ ముక్క నేను మెకానిక్‌కి ముందే చెప్పాను. అతను వినిపించుకోలేదు.

మా ఊరి మెకానిక్ బిశ్వాస్, బెంగాలీ. తెలుగువాళ్ల మధ్యే పెరిగాడు. ముందు స్టార్టర్ మోటారు విప్పాడు. అది బాగానే ఉంది. తర్వాత డీజిల్ ఫిల్టరు విప్పితే అడుగున నీళ్లున్నాయి. అవి పారబోసినా లాభం లేకపోయింది. చివరికి నేను మొదట అన్న చోటికే వచ్చాడు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు లోపల వేడి పుట్టించే హీటరు ప్లగ్గుల్ని ఒక్కొక్కటీ తీసి, బ్యాటరీ వైరు తగిలించి చూశాడు. ఒక్కటే ఎర్రబడింది. మిగతావి చచ్చిపోయాయి.

"గరమ్ ఉంటే ఇది ఘోడా సార్, గుర్రం. ఠండా అయితే గధా, గాడిద. కొత్త ప్లగ్గులు మద్రాసు నుంచి జహాజ్‌లో రావాలి."

"ఎప్పుడొస్తాయి?"

"జహాజ్ వచ్చినప్పుడు."

నాకేమో ఎల్లుండి పొద్దున్నకి కారు కావాలి. విశాఖలో అత్తవారింట మా అమ్మాయికి తొలి కాన్పు. డాక్టరు చెప్పిన గడువు దగ్గర పడింది. మా ఆవిడ ఎల్లుండి బయల్దేరే ఓడ ఎక్కకపోతే మళ్లీ విశాఖ ఓడ వచ్చేలోపు కాన్పు అయిపోతుంది. పిల్ల ఉత్తరం రాసినప్పుడల్లా చివర "అమ్మా, నువ్వు రా" అనే రాసేది.

"మా తమ్ముడి జీపు పిలుద్దామండీ," అంది మా ఆవిడ.

"డబ్బా అన్నవాడి జీపు నా వాకిట్లోకి రాదు."

"అన్నది కారుని కదా, మిమ్మల్ని కాదుగా!"

"కారెవరిది?"

ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసి, నాకు తెలియకుండా తమ్ముడికి కబురు పంపింది.

ప్రయాణం ముందు రోజు సాయంత్రం, నిండా చార్జ్ ఉంటే ఆ ఒక్క ప్లగ్గుతోనైనా అందుకుంటుందేమోనని బిశ్వాస్ బ్యాటరీ చార్జింగ్‌కి పట్టుకుపోయాడు. ఫిల్టరు విప్పి, డీజిల్ పోసిన బేసిన్‌లో మా వరండాలోనే వదిలాడు. పొద్దున్నే వచ్చి బిగిస్తానన్నాడు. కారు రేకుల షెడ్డులో ఉంది. ఆ షెడ్డు పల్లంలో ఉంది, రోడ్డుకి ఎత్తెక్కాలి కాబట్టి తోసి స్టార్ట్ చేసే వీలు లేదు. ఇది గుర్తు పెట్టుకోండి. బ్యాటరీ బిశ్వాస్ ఇంట్లో, ఫిల్టరు బేసిన్‌లో. ఆ కారుని ఎవరూ స్టార్ట్ చేయలేరు.

రాత్రంతా కుండపోత. తెల్లారేసరికి ఫెరార్గంజ్ వైపు రోడ్డు మీద చెట్టు పడిందని తెలిసింది. అటునుంచి బస్సు రాదు, బావమరిది జీపూ రాదు. మా ఆవిడ పెట్టె మీద కూర్చుని ఏడుస్తోంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

బిశ్వాస్ తడిసిన గొడుగుతో, భుజాన బ్యాటరీతో వచ్చాడు. బానెట్ ఎత్తి చెయ్యి పెట్టినవాడు అలాగే ఆగిపోయాడు.

"సార్, గాడీ చలాయించారా?"

"బ్యాటరీ నీ దగ్గరుంటే ఎలా చలాయిస్తానయ్యా?"

"మరి ఇదేంటి?"

నేనూ చెయ్యి పెట్టాను. ఇంజన్ వెచ్చగా ఉంది. బిశ్వాస్ బోర్లా పడుకుని కింద ఆయిల్ గిన్నెని తాకి, చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నడిచిన ఇంజన్‌కి వేడి పైన ఎక్కువుంటుంది. దీనికి కింద ఎక్కువ, పైన తక్కువ. షెడ్డు నేలంతా వాననీరు పారి బురదగా ఉంది. ఇంజన్ కింద మాత్రం గుండ్రంగా పొడి నేల. బూడిద లేదు. బొగ్గు ముక్క కూడా లేదు.

"భాభీజీ, ఇక్కడ ఆగ్ పెట్టారా, నిప్పులు?" అనడిగాడు.

మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ షెడ్డులోకి వచ్చింది. గాలి పీల్చింది.

"కొబ్బరిచిప్పల పొగ," అంది. మళ్లీ పీల్చి, "మా నాన్న దగ్గరొచ్చే వాసన," అంది.

మా మామగారు అడవి క్యాంపుల్లో లారీ నడిపిన రోజుల్లో, వానాకాలం పొద్దున్నే కొబ్బరిచిప్పల నిప్పులు ఇనప తట్టలో పోసి ఇంజన్ కిందకి తోసేవారట. ఆయిల్ కాస్త పల్చబడ్డాక స్టార్ట్ చేసేవారు. తర్వాత ఆ బూడిద శుభ్రంగా ఎత్తి పారబోసేవారు, చోటు మురికి చేయడం ఆయనకి గిట్టదు. మా అమ్మాయిని చిన్నప్పుడు భుజాల మీద మోసింది ఆయనే. దాని పెళ్లి చూడకుండానే పోయారు.

ఆ క్షణంలో అవేవీ ఆలోచించే తీరిక లేదు. బిశ్వాస్ ఫిల్టరు బిగించి, దాని మీది చేతిపంపు కొట్టి డీజిల్ పైపులోని గాలి తీశాడు. బ్యాటరీ పెట్టాడు. నేను తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. తెల్ల పొగ లేదు.

"ఘోడా!" అని అరిచాడు బిశ్వాస్. అరిచాక ఎందుకో రెండడుగులు వెనక్కి వేశాడు.

దారి పొడవునా మా ఆవిడ ఏడవలేదు. ఓడ మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి, "ఇంటికెళ్లాక షెడ్డులో దీపం పెట్టండి," అంది. నేను పెట్టను కదా. సంగతి విన్న పక్కింటావిడ పెట్టింది.

కాన్పు సమయానికి మా ఆవిడ పిల్ల పక్కనే ఉంది. ఆడపిల్ల పుట్టింది. ముత్తాతగారి చెవులే వచ్చాయని రాసింది. కొత్త ప్లగ్గులూ వచ్చాయి. ఆ కారు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, వానలోనూ బుద్ధిగా స్టార్ట్ అవుతోంది. ఆ విషయంలో నాకే లోటూ లేదు, సంతోషంగానే ఉన్నాను. ఇంజన్ మాత్రం మళ్లీ ఎప్పుడూ దానంతటది వేడెక్కలేదు. చాలా పొద్దులు వెళ్లి చెయ్యి పెట్టి చూశాను.

మా బావమరిదిని అడిగితే, "నువ్వే నిప్పులు పెట్టి మర్చిపోయుంటావ్ బావా," అన్నాడు.

"బూడిదేది?"

"వానకి కొట్టుకుపోయుంటాది."

"బూడిద కొట్టుకుపోయిన చోట నేల పొడిగా ఎలా ఉందిరా?"

వాడు టీవీ పెట్టింది అప్పుడే. కానీ కొబ్బరిచిప్పల వాసన సంగతి చెప్పినప్పుడు వాడి చెయ్యి బటన్ మీద ఆగిపోవడం నేను చూశాను.

బిశ్వాస్ అయితే, "కుఛ్ నహీ సార్, వానాకాలం ఉక్క, అంతే," అంటాడు. ఉక్కకి ఆయిల్ గిన్నె చెయ్యి కాలుస్తుందా? సరే, అంతే అనుకుందాం. ఆ రోజు నుంచి నా కారు బానెట్ ఎత్తే ముందు అతను చెప్పులు బయట విప్పి వస్తున్నాడు. మిగతా ఏ కారు దగ్గరా విప్పడు, నేను అతని షెడ్డు ఎదుట టీ కొట్లో కూర్చుని మరీ చూశాను.

బిశ్వాస్, ఇది నీకు ఎవరైనా చదివి వినిపిస్తారు. ఏమీ జరగలేదంటే ఆ చెప్పులెందుకు విప్పుతున్నావు? జరిగిందంటే, అదేమిటి? నాకు తెలియదు, ఇన్నేళ్లు తల బద్దలు కొట్టుకున్నా తెలియలేదు. ఈసారి నవ్వి తప్పించుకోకు. జవాబు చెప్పు.