లూదియమ్మ ఆటల సంచి

ఆళ్లగడ్డ లూదియమ్మకు ఒకటే జబ్బు. నలుగురు మనుషులు ఒకచోట చేరితే చాలు, వాళ్లచేత ఆటలాడించి తీరాలి. పుట్టినరోజా, పెండ్లా, కొత్తింట్లో ప్రార్థనా అన్న తేడా లేదు. ప్రతిసారీ ఒక కథ అల్లుతుంది, ఆ కథ ప్రకారం చిన్నా పెద్దా అందరూ నడుచుకోవాలి. పైగా దానికి పైసా ఖర్చు కాకూడదు. అంగట్లో కొన్న వస్తువు ఆటలో కనబడిందా, ఆమెకు ఒళ్లు మండిపోతుంది.

అందుకే ఆమె దేన్నీ పారేయనివ్వదు. ఎక్కడికి పోయినా చంకలో ఒక బియ్యం సంచి ఉంటుంది. అందులో సీసా మూతలు, కొబ్బరి చిప్పలు, బట్టల క్లిప్పులు, ఊళ్లో జరిగిన పెండ్లిళ్ల శుభలేఖలు. చుట్టాలింటికి వస్తే ముందు చెత్తబుట్టలోకి తొంగిచూసి, తర్వాత మనుషుల మొహాలు చూస్తుంది. "పారెయ్యొద్దుమే, ఆటకు పనికొస్తాది" అన్నదే ఆమె పలకరింపు. నంద్యాల డాక్టరు ఆమె పన్ను పీకి గిన్నెలో వేయబోతే, నోట్లో దూది పెట్టుకునే "పారెయ్యొద్దు" అన్నదని చెప్పుకుంటారు. ఆ పన్ను ఏ ఆటకు పనికొచ్చిందో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఈమెకు గురుస్వామి అనే అన్న ఉన్నాడు. ఆయన కోడలు దెబోరాకు, భర్త మేనత్త గనక, ఈమె చిన్నమ్మ వరస. కాపురానికి వచ్చిన నాటి నుంచి దెబోరా ఈ చిన్నమ్మను చూసి నోరెళ్లబెడుతూనే ఉంది, ఇంతవరకూ అలవాటు పడలేదు.

లూదియమ్మ రుద్రవరం బడిలో టీచరుగా రిటైరైన రోజున జరిగింది దెబోరా ఎన్నటికీ మరిచిపోలేదు. సభలో దండలూ శాలువాలూ కాగానే, లూదియమ్మ బెంచీలన్నీ రెండు వరసలుగా వేయించి, అది ఆళ్లగడ్డ బస్సని ప్రకటించింది. సీటు కావాలంటే కిటికీలోంచి కర్చీఫు విసిరి ఆపుకోవాలట. ముఖ్య అతిథిగా వచ్చిన విద్యాశాఖ అధికారి, మెడలో దండ తీయకుండానే, కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతూ కర్చీఫు విసిరాడు. దెబోరా కొంగుతో మొహం కప్పుకుంది. ఆయనకు మాత్రం డ్రైవరు వెనక సీటు దొరికింది, ఇంటికి పోయేదాకా ఆ సంగతే చెప్పుకున్నాడు.

గెలిచినవాళ్లకు బహుమతి ఎప్పుడూ ఒకటే, పాత శుభలేఖలు కత్తిరించి అతికించిన కిరీటం. అధికారి నెత్తిన పెట్టిన కిరీటం మీద నుదుటికి సరిగ్గా 'బంధుమిత్రుల అభినందనలతో' అని బంగారు అక్షరాలు వచ్చాయి.

ఆళ్లగడ్డలో లూదియమ్మ పక్కింటి ఓబులేసు కొడుకు పెండ్లిలో ఇంకో వింత. అందరికంటే నిదానంగా నడిచినవాళ్లదే గెలుపని పందెం పెట్టింది. ఆగకూడదు, అడుగు పడుతూనే ఉండాలి. పెండ్లికొడుకు మామలు పంచెలు ఎగ్గట్టి, మొసళ్ల మాదిరి కదిలినా ఓడిపోయారు. గెలిచింది ఓబులేసు తల్లి అనసూయమ్మ. మోకాళ్ల నొప్పులతో ఆ ముసలామె పొద్దుటి నుంచి అప్పటిదాకా మూలన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే ఉంది. ముసలామెను అలా నడిపిస్తారా అని దెబోరా మండిపడింది. కిరీటం పెట్టుకున్న అనసూయమ్మ చుట్టూ పిల్లలంతా మూగి ఫొటోలు దిగడం చూసింది గానీ, దాని గురించి ఆలోచించలేదు.

ఎందుకంటే దెబోరాకు లూదియమ్మ మీద పాత కోపం ఒకటుంది. పెండ్లైన కొత్తలో ఆమె అత్తింట్లో మొదటిసారి పప్పు చేసింది. కంగారులో ఉప్పు రెండుసార్లు వేసింది. పంక్తి లేచేసరికి మంచినీళ్ల బిందె ఖాళీ అయింది. దెబోరా వంటింట్లో తలుపు చాటున ఏడ్చింది. మరుసటి ఆదివారమే లూదియమ్మ చుట్టాలందరినీ పిలిచి, చెడ్డ వంటల పందెం పెట్టింది. ఎవరికి వాళ్లు నోట పెట్టలేనిది వండుకుని రావాలి. ఒకామె మాడిన బజ్జీలు తెచ్చింది, ఒకామె తియ్యటి చారు తెచ్చింది. దెబోరా మాత్రం పంతం పట్టి, తన చేతనైనంత బాగా పప్పు చేసి తీసుకెళ్లింది. మొదటి బహుమతి ఆమెకే వచ్చింది. ఆ కిరీటం దెబ్బ ఏళ్లు గడిచినా మానలేదు.

అలాంటి లూదియమ్మ, నంద్యాలలో దెబోరా కూతురు జెస్సికా ఎనిమిదో పుట్టినరోజుకు సంచితో సహా దిగబడింది. ఈ పండుగకు దెబోరా లెక్కలు వేరే ఉన్నాయి.

జెస్సికాకు మాట తడబడుతుంది. ఇంట్లో ఎలాగో నెట్టుకొస్తుంది గానీ, కిందటేడు సండేస్కూలు వార్షికోత్సవంలో కంఠతా పట్టిన బైబిలు వాక్యం చెప్పడానికి వేదిక ఎక్కి, మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. పిల్లలు నవ్వారు. ఆనాటి నుంచి ఆ పిల్ల గడప దాటితే నోరు విప్పడం లేదు. బడిలో మంచినీళ్లు కావాలన్నా చేత్తోనే చెబుతుందని టీచర్లు ఫిర్యాదు చేశారు. నలుగురిలో ఒక్కసారి గట్టిగా మాట్లాడిస్తే భయం దానంతటదే పోతుందని దెబోరా నమ్మింది. అందుకే మైకు పట్టుకుని పార్టీలు నడిపే హరీష్ అనే కుర్రాణ్ని మాట్లాడింది. కేకు కోయకముందు అతను మైకు ఇస్తాడు, జెస్సికా నాలుగు వాక్యాలు చెబుతుంది. ఆ వాక్యాలు పదిహేను రోజులుగా రోజూ చెప్పించింది. ఆ పదిహేను రోజులుగా పిల్ల సరిగ్గా అన్నం తినడం లేదు.

లూదియమ్మ వచ్చీ రాగానే మనవరాల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఏ ఆట కావాలని అడిగింది. జెస్సికా ఆమె చెవిలో ఏదో చెప్పింది. "సరే, జేస్తాలే" అంది లూదియమ్మ. దెబోరా ఆ మాటను పట్టించుకోలేదు.

ఆదివారం సాయంత్రం సంజీవనగర్ అపార్టుమెంటు మేడ మీద జనం పోగయ్యారు. దెబోరా భర్త తిమోతి ఆఫీసువాళ్లు, జెస్సికా క్లాసు పిల్లలు, పైఫ్లోరు సుబ్బలక్ష్మమ్మ. సుబ్బలక్ష్మమ్మ ఊపిరి పీల్చుకోవడానికి కూడా మాట ఆపదని పేరు. పాస్టరు గారు ముందుగానే ప్రార్థన ముగించి వెళ్లిపోయారు, ఆ విధంగా ఆయన బతికిపోయారు.

గురుస్వామి కేకు దగ్గర పడక కుర్చీలో వాలాడు. కూర్చున్న నిమిషానికే నిద్రపోవడం ఆయన ప్రత్యేకత. లూదియమ్మ వెళ్లి అన్న మీద పసుపు చారల దుప్పటి కప్పింది. రెండు పాత చీరలు నేలమీద పరిచి వాగులంది, కొబ్బరి చిప్పలు అక్కడక్కడా బోర్లించింది. తర్వాత మేడ మధ్యలో నిలబడి చేతులు చరిచింది.

"అందరూ ఇనండి. మనమిప్పుడు నల్లమలలో ఉండాం. ఆడ పండుకున్యాది పులి. అది లేసేదాకా ఎవురూ నోరు తెరవగూడదు. మాటకొక క్లిప్పు."

అప్పుడే మెట్లెక్కి వచ్చిన హరీష్ సంగతి తెలియక, మైకులో "హలో నంద్యాలా" అని గర్జించాడు. లూదియమ్మ అతని కాలరుకు క్లిప్పు పెట్టింది. ఇదేందమ్మా అన్నాడు, రెండోది పెట్టింది. నాకు అడ్వాన్సు ఇచ్చినారు కదా అన్నాడు, మూడోది చెవికి పెట్టబోయింది. అతను మైకు ఆపేసి పిల్లల వరసలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముప్పై ఏళ్లు పిల్లల్ని అదలించిన చూపు ముందు ఎవరైనా అంతే.

దెబోరాకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. పదిహేను రోజుల కష్టం, నాలుగు వాక్యాలు, అన్నీ గంగలో కలిశాయి. మాట్లాడించాలని తాను పార్టీ పెడితే, ఈ మహాతల్లి మాటనే నిషేధించింది. "చిన్నమ్మా, ఏం జేస్తాండావ్ నువ్వు?" అని మీదికి పోయింది. చీర కొంగుకు క్లిప్పు పడింది.

ఆట మొదలైంది. చిప్పల్లో కొన్నింటి కింద బెల్లం ముక్కలున్నాయి. అవి ఎక్కడున్నాయో దారి చూపే గార్డు జెస్సికా ఒక్కతెకే తెలుసు. మిగతావాళ్లు ఆ పిల్ల సైగలు చూసి, వాగులు తొక్కకుండా వెతుక్కోవాలి. మాట లేకుండా మనుషులు ఎంత తెలివితక్కువవాళ్లో దెబోరా ఆరోజు చూసింది. కుడికి పొమ్మంటే తిమోతి ఎడమకు పోయి గోడకు గుద్దుకున్నాడు, అబ్బా అన్నందుకు క్లిప్పు తిన్నాడు. సుబ్బలక్ష్మమ్మ ఫోను మోగితే ఎత్తి, "నేను మాట్లాడగూడదంటనే" అని ఆ సంగతే పావుగంట చెప్పింది. ఆమె పైట అంచు నిండిపోయింది, ఇంక జడకు పెట్టారు.

జెస్సికా మాత్రం ఏడాదిగా చేతులతోనే బతుకుతున్న పిల్ల. కనుబొమ్మ ఎగరేస్తే ఆగమని, బుగ్గ పూరిస్తే పెద్ద చిప్ప అని, వేలు మెలిపెడితే వెనక్కి రమ్మని అర్థం. పది నిమిషాల్లో క్లాసు పిల్లలంతా ఆ పిల్ల వెనకే తిరగడం మొదలుపెట్టారు. వార్షికోత్సవం నాడు అందరికంటే గట్టిగా నవ్వినవాడు, ఇప్పుడు బుగ్గలు పూరించడం నేర్పమని బతిమాలుతున్నాడు.

ఈలోగా దెబోరా పరిస్థితి దారుణంగా తయారైంది. జెస్సికా చెయ్యెత్తినప్పుడల్లా, ఎదుటివాళ్లు అర్థం చేసుకునేలోపే ఆమె నోరు జారుతుంది. "ఆ మూలకు పొమ్మంటాంది" అంటుంది. ఒక క్లిప్పు. "కాదు, రెండోది అంటాంది" అంటుంది. ఇంకో క్లిప్పు. ఆట ముగిశాక లూదియమ్మ అందరినీ వరసగా నిలబెట్టి క్లిప్పులు లెక్కపెట్టింది. దెబోరా ఒంటి మీద సుబ్బలక్ష్మమ్మ కంటే ఎక్కువ క్లిప్పులున్నాయి. అదెట్లని అడగబోయి దెబోరా ఆగింది. అడిగినా క్లిప్పే గదా.

ఒక్క క్లిప్పూ లేనిది జెస్సికా. గెలిచినవాళ్లే పులిని నిద్ర లేపాలని, లేపేదానికి వాళ్లొక్కరే మాట్లాడొచ్చని లూదియమ్మ చెప్పింది. జెస్సికా తాత కుర్చీ దగ్గరికి పోయింది. ఆయన గురక మేడంతా వినిపిస్తోంది. పిల్ల ఆయన చెవి దగ్గర వంగింది.

"లె... లె..."

దెబోరా పెదవులు వాటంతటవే విడివడ్డాయి. ఆ మాట ఏదో ఆమెకు తెలుసు. పిల్లకు మాటలు వచ్చినప్పటి నుంచీ అవన్నీ ఆమే పూర్తిచేస్తోంది. అంగట్లో, చర్చిలో, బడి గేటు దగ్గర, పిల్ల మొదటి అక్షరం అనగానే మిగతాది తల్లి అనేస్తుంది. పక్కన లూదియమ్మ వేళ్ల మధ్య ఒక క్లిప్పును టిక్కుమనిపించింది. దెబోరా నోరు మూసుకుంది. మేడ మీద ఇంతమందీ మూసుకునే ఉన్నారు. నవ్వేవాళ్లు లేరు, అందించేవాళ్లు లేరు, తొందరపెట్టేవాళ్లు లేరు. కింద రోడ్డు మీద ఒక లారీ పోయింది. జెస్సికాకు కావలసినంత సమయం ఉంది.

"లె... లెయ్ జేజినాయనా. కే... కేకు నీకు మిగలదు."

కేకు అన్న మాట వినబడగానే పులి లేచి కూర్చుంది. "యాడ?" అన్నాడు గురుస్వామి. లూదియమ్మ ఆయన మీసానికి క్లిప్పు పెట్టింది. ఆపుకున్న నవ్వులన్నీ ఒక్కసారి బద్దలయ్యాయి. జెస్సికా నెత్తిన ఓబులేసు కొడుకు శుభలేఖ కిరీటం మెరిసింది, 'మీ రాక మాకెంతో సంతోషం' అని. కేకు కోసేటప్పుడు హరీష్ మైకు తీయలేదు. ఆ నాలుగు వాక్యాలు ఎవరికీ గుర్తు రాలేదు.

మరునాడు ఉదయం లూదియమ్మను బస్టాండులో దింపడానికి దెబోరా వెళ్లింది. సంచి ఇప్పుడు రెండింతలైంది, పగిలిన బెలూన్లు కూడా అందులోకే చేరాయి. ఆళ్లగడ్డ బస్సు ఇంకా రాలేదు. చిన్నమ్మ వచ్చిన రోజు పాప ఆమె చెవిలో ఏం చెప్పిందని దెబోరా అడిగింది.

"మైకు లేని ఆట కావాలన్యాది. అంతే."

 దెబోరాకు అనసూయమ్మ నడక గుర్తొచ్చింది, ఆ తర్వాత ఇంకేదో గుర్తొచ్చింది. ఆ చెడ్డ వంటల ఆదివారం, ఇంట్లో ఆడవాళ్లంతా తమ తమ మాడిన కూరల కథలు చెప్పుకుని పొట్టలు పట్టుకుని నవ్విన సంగతి. ఆనాటి తర్వాత ఉప్పు మాట ఎవరూ ఎత్తని సంగతి. ఇన్నేళ్లుగా ఇంత మంచిని కోపంగా మోసుకు తిరిగానా అని ఆమె తెల్లబోయింది.

"చిన్నమ్మా, ఆ పొద్దు వంటల పందెం నా కోసమే పెట్న్యావు గదా?"

"నీ కోసమే," అంది లూదియమ్మ. బస్సు వచ్చి ఆగింది. ఆమె ముందు కిటికీలోంచి కర్చీఫు వేసి సీటు ఆపుకుంది, సంచి ఎత్తుకుంది, మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. "కానీ గెలుపు మాత్రం న్యాయంగానే గెల్చినావు మే. ఆ పప్పు నిజంగానే నోట పెట్టేట్టు లేదు."

దెబోరా మాట్లాడబోయింది. లూదియమ్మ వంగి, ఆమె భుజానికి ఒక క్లిప్పు పెట్టి బస్సెక్కింది.