పలకని సరుకు పడవ

నాకు అంతరిక్షం పిచ్చి. మనుషులు ఎక్కే రాకెట్లకంటే సరుకు మోసేవంటే ఇంకా ఇష్టం. పైన తిరుగుతున్న అంతరిక్ష కేంద్రంలో ఉండేవాళ్లకి తిండి, బట్టలు, పనిముట్లు వేసుకుని ఏ ప్రైవేటు కంపెనీ నౌక బయల్దేరినా, కళింగపట్నంలో మా ఇంటి అరుగు మీద ఫోను పట్టుకుని నేను హాజరు. మా అన్న వాటిని సరుకు పడవలనేవాడు. పగలంతా ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసింది చాలక, సాయంత్రం ఆకాశంలో మూటల మోత చూసి మురిసిపోతానని వేళాకోళం చేసేవాడు. చేస్తూనే పక్కన కూర్చుని చివరిదాకా చూసేవాడు.

ఆరేళ్ల కిందట వాయుగుండంలో అన్న పడవ తిరిగి రాలేదు. నలుగురు వేటకు వెళ్లారు. ముగ్గురి శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అన్న మాత్రం దొరకలేదు.

నాలుగో రోజున అన్న భార్య, మా వదిన, అన్నం ముట్టకుండా గోడకు ఆనుకుని కూర్చుంటే, ఏదో ఒకటి చెప్పాలి కదా అని నోరు తెరిచాను. అంతకుముందు ఒక సరుకు నౌక పైకెళ్లిన కాసేపటికే కిందికి సంకేతాలు అందక మూగబోయింది. అందరూ ఆశ వదులుకున్నాక, కొన్ని గంటలకు మళ్లీ పలికింది. ఆ కథంతా చెప్పి, "కబురు రానంతమాత్రాన పోయినట్టు కాదు వదినా" అన్నాను. వదిన నా మొహంలోకి చూసింది. లేచి కంచంలో అన్నం పెట్టుకుంది. నేనేదో ఘనకార్యం చేశాననుకున్నాను.

ఆ మాట ఆమె ఇప్పటికీ వదల్లేదు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేద్దాం, కర్మ జరిపిద్దాం, లేకపోతే వాడు ఈ ఇంటిని పట్టుకునే తిరుగుతాడని పెద్దలు ఎన్నిసార్లు చెప్పినా, "మా మరిదినడగండి, సదువుకున్నోడు" అని నన్ను చూపిస్తుంది. నేను తల వంచుకుంటాను. రోజూ సాయంత్రం అన్న స్నానానికి నీళ్లు కాస్తుంది. చల్లారిపోయాక ఆ నీళ్లు నేను పోసుకుంటాను. పోసుకుంటున్నంతసేపూ వెనకాల ఎవరో తన వంతు కోసం నిలబడ్డట్టే ఉంటుంది. భయంతో ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు.

మొన్న సాయంత్రం ఇంకో సరుకు నౌక లేచింది. వదిన ఎండుచేపలు గంపకెత్తి వచ్చి, చేతులు కడుక్కుని, అన్న కూర్చునే చోటు వదిలేసి అరుగు మీద కూర్చుంది. నౌక రాకెట్టు నుంచి బాగానే విడిపోయింది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. తెర మీద కంట్రోలు రూములో బల్లల ముందున్నవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

"ఏటైనాది మరిదీ?"

"పలకడం నేదు వదినా."

"పలుకుతాది. సూడు."

అరగంట గడిచింది. ఆమె ఫోను మీది నుంచి చూపు తిప్పలేదు. చివరికి చాలా నెమ్మదిగా అడిగింది.

"ఇది పలక్కపోతే, పోయినట్టేనా?"

"పోయినట్టే" అన్నాను. ఆరేళ్లుగా అనలేకపోయిన మాట అది.

"అయితే ఇది పలక్కపోతే పెద్దోళ్లకి కబురెట్టు. ఆ బొమ్మేదో సేయించేద్దుం."

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఎన్నో ఏళ్లుగా ప్రతి నౌకా క్షేమంగా చేరాలని కోరుకున్నవాణ్ణి, కళ్లు మూసుకుని ఇది పోవాలని దండం పెట్టుకున్నాను. పలక్కు, నీకు పుణ్యముంటుంది, పలక్కు అని లోలోపల బతిమాలాను. నౌకను బతిమాలుతున్నానో, అన్నను బతిమాలుతున్నానో నాకే తెలియలేదు.

ఫోనులో చప్పట్లు వినిపించాయి. కళ్లు తెరిచేసరికి అక్కడి జనం లేచి ఒకళ్లనొకళ్లు కౌగిలించుకుంటున్నారు.

"సూసేవా, పలికింది!"

వదిన నవ్వింది. ఆరేళ్లలో ఆమె మొహాన అంత నవ్వు చూడలేదు. కొంగు దులుపుకుని, "నీళ్లెట్టాల, మీ అన్నొచ్చే యేళయింది" అంటూ లోపలికి వెళ్లింది.

కాసేపటికి పొయ్యి పొగ అరుగు దాకా వచ్చింది. నేను ఫోను కట్టేసి, తువ్వాలు తెచ్చుకోవడానికి లేచాను.