డెబ్భై అయిదు వాట్ల మాస్టారు

మా కంప్యూటర్ మాస్టారు పోయారన్న సంగతి నాకు నాలుగు రోజులు ఆలస్యంగా తెలిసింది. తాడేపల్లిగూడెం నుంచి పెళ్ళి వీడియోలు పంపే ఫొటోగ్రాఫరుగారు ఏదో రిసెప్షన్ గురించి మాట్లాడుతూ, మధ్యలో "అన్నట్టు ఏలూరులో మీ మాస్టారు పోయారటండీ, తెలుసా" అన్నారు. తెలుసన్నాను. తెలీదంటే, నా మనిషి పోయినా నాకు కబురు చెప్పేవాళ్ళు లేరని ఒప్పుకున్నట్టవుతుందని కాబోలు. ఫోన్ పెట్టేశాక చూస్తే, సౌండు ఆపిన తెర మీద పెళ్ళికూతురి తరఫువాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

ఆయన్ని మీలో చాలామంది చూసి ఉండరు. ఒకప్పుడు ఐటీఐలో వైరింగు చెప్పేవారు, అందుకే మాస్టారు. తర్వాత ఏలూరులో, తనూ తన అక్కగారూ ఉండే ఇంటి ముందుగదిలోనే కంప్యూటర్లు బాగుచేసేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక కూడా ఆ గది తలుపు తీసే ఉండేది. ఆ రోజు పనేం ముట్టుకునేవారు కాదు, ఎవరైనా వస్తే మాట్లాడటానికట.

నాది కైకలూరు పక్కన చేపల చెరువుల ఊరు. అమ్మ పోయాక ఇంట్లో నేనూ నా సిస్టమూ మిగిలాం. పెళ్ళి వీడియోలు ఎడిటింగు చేస్తాను. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా పెళ్ళిళ్ళలోనే ఉంటాను గానీ, భోజనానికి లెమ్మనేవాళ్ళు ఒక్కరూ ఉండరు.

మొదటిసారి ఆయనకి ఫోన్ చేసి, వీడియో పని త్వరగా తెమిలేందుకు ఫలానా గ్రాఫిక్స్ కార్డు ఉందా అండీ అని అడిగాను. ఉందనీ లేదనీ చెప్పలేదు. సిస్టం మూత విప్పి, లోపల అన్నిటికీ కరెంటు పంచే డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్, దాని మీద స్టిక్కరు చదవమన్నారు. నాది ఏదో ఆఫీసులో వాడి తీసేసిన సన్న క్యాబినెట్టు. రెండొందల నలభై వాట్లు అని చదివాను.

"అది మొత్తం లెక్కమ్మా. అందులో కార్డుకి పనికొచ్చేది ఎంతో కావాలి. పన్నెండు వోల్టుల గడిలో ఏం రాసుందో చూసి చెప్పండి."

చదివాను. ఆయన ఏదో పాత శుభలేఖ వెనక రాసుకుంటున్న చప్పుడు వినపడింది. ప్రాసెసరు ఎంత తింటుంది, హార్డు డిస్కు ఎంత తింటుంది అని తనలో తనే అనుకున్నారు. తర్వాత, మీ ఊళ్ళో చెరువుల్లో ఏరియేటర్లు ఎన్నింటికి వేస్తారని అడిగారు. ఆ చక్రాలన్నీ ఒక్కసారి నీళ్ళని కొట్టడం మొదలుపెడితే మా ఇళ్ళలో బల్బులు గుడ్డిగా అయిపోతాయి. కార్డు అమ్మేవాడు అది అడగాలని నాకు అంతకుముందు తెలీదు. ఏ యూట్యూబు వీడియోలోనూ ఎవరూ చెప్పలేదు.

చివరికి తేల్చారు. బోర్డు మీద కార్డు గుచ్చే గాడి తనంతట తనే డెబ్భై అయిదు వాట్లు ఇస్తుంది. ఆ ఇచ్చిన దానితోనే బతికే కార్డు కావాలి, పైనుంచి ఇంకో వైరు అడిగే కార్డు మన ఇంటికి రాకూడదు. నేను కొంచెం చిన్నబుచ్చుకున్నాను. గొంతులో పసిగట్టినట్టున్నారు. "మా అక్క బియ్యం డబ్బా అంచుదాకా పొయ్యదమ్మా, చెయ్యి పెట్టడానికి చోటుండాలంటుంది. కరెంటూ అంతే" అన్నారు.

సన్న క్యాబినెట్టులో పట్టే పొట్టి కార్డు దొరకడానికి మూడు వారాలు పట్టింది. క్యాబినెట్టుని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఏలూరు బస్సెక్కాను. కండక్టరు పసిపిల్లాడనుకుని కాస్త జరగండమ్మా అంటూ నాకు కిటికీ సీటిప్పించాడు. మాస్టారికి చెప్తే స్క్రూ బిగిస్తున్న చెయ్యి ఆపి మరీ నవ్వారు.

ఆ తర్వాత వారానికి రెండు మూడు సాయంత్రాలు ఫోన్ చేసేవారు. మీ వైపు కరెంటుందా, సిస్టం ఎలా ఉంది అని. ఫ్యాను చప్పుడు వినిపించమనేవారు. ఫోను క్యాబినెట్టు పక్కన పెట్టేదాన్ని. కాసేపు విని, దుమ్ము పట్టింది తుడవండి అనేవారు. ఆ వంకన వాళ్ళింట్లో ఏం కూరో, వాళ్ళ వీధిలో డ్రైనేజీ ఎందుకు తవ్వారో, అన్నీ వచ్చేవి. నేనూ చెప్పేదాన్ని. రోజు మొత్తంలో నేను నోరు విప్పి మాట్లాడింది అప్పుడే అయిన రోజులు చాలా ఉన్నాయి.

అలాంటి మనిషి మాట నేను వినలేదు. ఫొటోగ్రాఫరుగారు పెద్ద కెమెరా కొన్నారు, ఫైళ్ళు బరువైపోయాయి, ఎడిట్ చేసిన వీడియో తయారై బయటికి రావడానికి, అదే ఎక్స్‌పోర్టుకి, గంటలు గంటలు పట్టేది. ఇంకా అవుతూనే ఉందా అండీ అని ఆయన ఆటపట్టిస్తుంటే నాకు తల కొట్టేసినట్టయ్యేది. పెద్ద కార్డు వేద్దామని మాస్టారిని అడిగాను. ఆ డబ్బా మోయలేదమ్మా, డబ్బా మారుద్దామంటే ఆ క్యాబినెట్టులో వేరేది పట్టదు, కొన్నాళ్ళు ఆగండి, దారి చూస్తానన్నారు.

నేను ఆగలేదు. చెరువుల ఊరి బుద్ధి నాది. మా వైపు వోల్టేజీ చాలక మోటారు తిరక్కపోతే ఏం చేస్తారు? పెద్ద స్టెబిలైజరు పెడతారు, మోటారు తిరుగుతుంది. మా నాన్న ఉన్న రోజుల్లో ఆయన చెయ్యగా చూశాను. నేనూ ఒక పెద్ద స్టెబిలైజరు ఇంటికి తెచ్చాను. తాడేపల్లిగూడెంలో పెద్ద కార్డు కొన్నాను, హార్డు డిస్కు వైరులోంచి దానికి కరెంటు లాగే ముక్క ఒకటి తగిలించాను. మూత పట్టలేదు, విప్పే ఉంచాను. గోడ దగ్గర ఎంత మంచి కరెంటున్నా, లోపల పంచాల్సింది ఆ చిన్న డబ్బాయేనన్న సంగతి నాకు తట్టలేదు. మాస్టారికి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. వేడి చూసుకుంటూ ఉండండమ్మా అని మాత్రం అన్నారు.

తొమ్మిది రోజులు నడిచింది. పదో రోజు ఎవరివో తలంబ్రాలు ఎక్స్‌పోర్టు అవుతుండగా టక్కున ఆగిపోయింది. కాలిన వాసన. డబ్బా పోయింది, కార్డు పోయింది. ఆ సాయంత్రమే ఆయన ఫోన్ చేశారు. నల్లటి తెర ముందు కూర్చుని ఉన్నాను.

"చాలా బాగా నడుస్తోంది మాస్టారూ. మీరు అనవసరంగా భయపడ్డారు."

"అంతకంటేనా అమ్మా" అన్నారు. ఆ రోజు ఫ్యాను చప్పుడు అడగలేదు. బతికిపోయాననుకున్నాను.

తర్వాత ఆయన ఫోన్ చెయ్యలేదు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. ఎవరినో పట్టుకుని అలాంటి పాత డబ్బాయే తెప్పించి, ఆయనిచ్చిన పొట్టి కార్డే మళ్ళీ గుచ్చాను. ఇవాళ్టికీ అదే నడుస్తోంది. ఎదురుగా వెళ్ళి చెప్దామనుకున్నాను. ఏలూరు మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ ఆ వీధి తప్పించుకుని వచ్చాను. ఎనిమిది నెలలు గడిచిపోయాయి. ఈలోగా ఆయనకి గుండె జబ్బు వచ్చిందట, రెండుసార్లు ఆసుపత్రిలో పెట్టారట. నాకేం తెలుసు.

కబురు తెలిసిన మర్నాడు వెళ్ళాను. అక్కగారు నన్ను చూసి, భోజనం చేశావా అని అడిగారు. ముందుగదిలో స్క్రూలన్నీ సైజుల వారీగా ఖాళీ మందుల సీసాల్లో పోసి ఉన్నాయి. నేను ఇంక ఆగలేకపోయాను. "మాస్టారికి అబద్ధం చెప్పానండీ. ఆ కార్డు కాలిపోయింది. బాగా నడుస్తోందన్నాను" అన్నాను.

ఆవిడ కొంగుతో కళ్ళజోడు తుడుచుకున్నారు.

"కార్డుల సంగతి నాకు తెలీదమ్మా. సాయంత్రం అయ్యేసరికి ఫోను పట్టుకుని ఈ కుర్చీలో కూర్చునేవాడు. కైకలూరు అమ్మాయికి చెయ్యరాదూ అంటే, ఆవిడ సిస్టం బాగానే ఉందక్కా, ఇంక ఏం వంక పెట్టుకుని చెయ్యను అనేవాడు."

నేను ఫోన్ ముందు కూర్చుని ఆయనకి కోపమనుకున్న సాయంత్రాలన్నీ ఆయన అక్కడ అలా కూర్చున్నారు. పాడైపోయింది మాస్టారూ అని ఒక్క మాట అంటే చాలు, ఆ సాయంత్రమే మళ్ళీ మొదలయ్యేది. పరువు కోసం చెప్పిన అబద్ధం మా ఇద్దరి నోళ్ళూ కట్టేసింది. ఇది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అక్కగారు పెట్టిన అన్నం తిని తిరుగు బస్సెక్కాను. పెద్ద ఎడ్లగాడి వంతెన మీద ఏదో అడ్డుపడి బస్సు చాలాసేపు ఆగింది. రెండు వైపులా కొల్లేటి నీళ్ళు, ఎక్కడో దూరంగా ఒంటి దోనె. పక్క సీట్లో చేపల బుట్ట పెట్టుకున్న ఆవిడ నా వంక చూసి, "ఇందాకట్నుంచీ ఫోను అరచేతిలోనే పెట్టుకున్నావు, ఎవరన్నా చేస్తామన్నారా అమ్మా" అని అడిగింది.

లేదండీ, ఎవరూ చెయ్యరు అన్నాను.