పొల్లు పడే వైపు

“ఎక్కడో తెల్దు, ఎటో తెలుసు” అన్నది మా బయాలజీ మేడం ఊతపదం. అది పుట్టిన సాయంత్రం నేను చోడవరంలో వాళ్ళ పక్కింటి అరుగు మీదే ఉన్నాను.

ఆవిడ ఆదివారాలు చర్చిలో పిల్లలకు బైబిల్ కథలు చెప్పేవారు. జీవపరిణామం చెప్పే మనిషి బైబిలెలా చెబుతుందని కొందరు గొణిగితే, ఆ సాయంత్రం పాస్టరుగారు తెల్లచొక్కాతో వాళ్ళింటికి వచ్చారు. మేడం వాకిట్లో విత్తనాల ధాన్యం చేటతో గాలికి ఎగరబోస్తున్నారు.

“మనిషి ఏ రూలూ లేకుండా, లాటరీ తగిలినట్టు పుట్టేడంటావేటమ్మా?”

“ముందు ఇటు జరగండి అయ్యగారూ, పొల్లు మీద పడతాది.”

ఆయన గబుక్కున జరిగారు.

“సూసేరా? ఏ పొల్లు ఎక్కడ పడతాదో తెల్దు. ఎటు పడతాదో తెలుసు. ఇదీ అంతే. మార్పు రావడం లాటరీయే. ఏది నిలబడతాదో దానికి రూలుంది.”

పాస్టరుగారు భుజం దులుపుకుని నవ్వారు. “మరి ఆ గాలి ఎవరిదమ్మా?”

“అది ఆదివారం మీరు సెప్పండి. సోమవారం క్లాసు నాది.”

ఆ ఆదివారం ఆయన గాలి గురించే ప్రసంగించారు. ముందు వరసలో, తను కథలు చెప్పే పిల్లల మధ్య కూర్చుని, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మా మేడమే.