కడియం మొక్కలతో ఎదుర్లంక వంతెన దాటిన రోజు

కడియపులంక నుంచి ద్వారపూడి, మండపేట, రామచంద్రపురం, ద్రాక్షారామం, యానాం మీదుగా ముమ్మిడివరం వెళ్లే దారి గురించి ఈ మధ్య కొందరు అడిగారు. ఒకాయన మొక్కలు కొనుక్కుని సొంత వ్యాన్లో తీసుకెళ్లాలనుకుంటున్నారు. ఇంకొకరు పిల్లలతో కారులో సరదాగా తిరిగి రావాలనుకుంటున్నారు. మూడో అతను మాత్రం ఇటీవలే హెవీ లైసెన్సు తీసుకున్నాడు. "అన్నా, ఏ లైను పట్టుకోమంటావు? ఈ భయం ఎప్పటికి పోద్ది?" అని అడిగాడు. అతనికి ఫోన్లో ఏదో సర్ది చెప్పాను గానీ నాకే తృప్తిగా లేదు. సరిగ్గా చెప్పాలంటే కొన్నేళ్ల కిందట అదే దారిలో నేను చేసిన మొదటి ట్రిప్పు గురించి చెప్పాలి. అందుకే ఇది రాస్తున్నాను. దారి వివరాలు ఇప్పటివే, జ్ఞాపకం అప్పటిది.

మాది గోదావరి సముద్రంలో కలిసే చోట, వేట మీద బతికే కుటుంబం. నడక కంటే ముందు పడవ మీద కూర్చోవడం నేర్చుకున్నానని అమ్మ అనేది. వేట గిట్టుబాటు కాక నాన్న పడవ అమ్మేశాక నేను కడియపులంక వచ్చి, సుబ్బలక్ష్మి గారి నర్సరీలో లారీ క్లీనరుగా చేరాను. ఆ లారీ డ్రైవరు అప్పారావు గారు. పాతికేళ్లకు పైగా మొక్కలు తోలిన మనిషి. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి. స్టీరింగు పట్టుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. లైసెన్సు చేతికొచ్చిన వారంలో ఆయన్ని పక్కన పెట్టుకుని జొన్నాడ వంతెన మీద నడిపితే, సరిగ్గా నడిమధ్యలో బండి ఆగిపోయింది. వెనక హారన్లు, కింద గోదావరి. మళ్లీ స్టార్టు చేయడానికి నా కాళ్లు సహకరించలేదు. చివరికి ఆయనే సీటు మారి బండి దాటించారు. ఆ గోదావరి మీద పుట్టి పెరిగినవాణ్ణే అయినా, వంతెన కనిపిస్తే చాలు నా అరచేతులకు చెమటలు పట్టడం మొదలైంది.

ఆ రోజుల్లోనే మా బావ ఒక ఉద్యోగం చూశాడు. భీమవరం నుంచి హౌరాకు రొయ్యల కంటైనరు. జీతం నర్సరీలో వచ్చేదానికి దాదాపు రెట్టింపు. ఇటు సుబ్బలక్ష్మి గారేమో మొక్కల లారీ నన్నే నడపమంటున్నారు. నేను ఏదీ తేల్చలేకపోయాను. ఇంతలో అప్పారావు గారికి కంటి ఆపరేషను అయింది. ఒక కంటికి శుక్లం తీశారు, రెండోదాని చూపు అప్పటికే మసక. సరిగ్గా అప్పుడే ముమ్మిడివరం అవతల ఒక బడికి మొక్కలు పంపాల్సి వచ్చింది. "అప్పారావు గారు పక్కన కూర్చుంటానంటే సత్తిబాబు చేతికి బండి ఇస్తాను" అని నన్ను చూపించారు సుబ్బలక్ష్మి గారు. ఆయన నల్లకళ్లద్దాలు సర్దుకుని "ఊఁ" అన్నారు.

మాఘమాసం. పొద్దున్నే ఆరింటికి బయలుదేరాం. మీరూ ఆ వేళకే బయలుదేరండి, ద్వారపూడి బట్టల కొట్లు తెరవకముందే దాటేస్తే హాయి. లారీలో మనిషెత్తు పామ్ చెట్లు, మామిడి, సపోటా అంట్లు, వరసగా మందారాలు, క్యాబిన్ వెనక ఒక మూల మొగ్గ తొడిగిన సంపెంగ. పైన పచ్చటి వల కట్టాం. కడియం రోడ్డెక్కగానే అప్పారావు గారు సీటుకి జారగిలబడి అన్నారు.

"ఒరే సత్తీ, నాకేమీ ఆనదు. ముందు ఏముందో నువ్వే చెప్తా ఉండు."

"ఏం చెప్పమంటారండి?"

"కనపడిందల్లా చెప్పు. చెప్పలేదంటే చూళ్లేదనుకుంటాను."

అలా మొదలుపెట్టాను. ఎడమపక్క సైకిలు మీద పాలాయన, ఎదురుగా ఆటో, కుడివైపు నుంచి రోడ్డు దాటబోతున్న గేదె. మొదట్లో సిగ్గేసింది. మండపేట చేరేసరికి తెలియకుండానే నా గొంతు మారింది. "ఆ ముసలాయన ఆగుతాడు బాబాయ్, ఆయన చూపు మన మీదే ఉంది. వెనక మోటారు సైకిలు వాడే తొందరపడుతున్నాడు, వాణ్ణి పోనిద్దాం" అంటున్నాను. ఆయన మాత్రం "ఊఁ, తర్వాత?" తప్ప ఇంకో మాట అనలేదు. రెండో పంట దాళ్వా వరిచేలు రెండువైపులా కళ్లు చల్లబడేంత పచ్చగా ఉన్నాయి. ఇప్పటికీ ఆ రోడ్డు మీద ఆ కాలంలో వెళ్తే ఆ పచ్చదనం అలాగే ఉంటుంది.

మండపేట దాటాక ఒక పాక హోటల్లో టిఫిన్ చేశాం. అక్కడ పెసరట్టు ఉప్మా అల్లం చట్నీతో పెట్టేవారు. ఇప్పుడైతే ఆ దారిలో మనిషికి అరవై, డెబ్బై రూపాయల్లో కడుపు నిండిపోతుంది. హోటలు నడిపే ఆవిడ అప్పారావు గారిని చూసి అట్లకాడ పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏంటండి, ఇవాళ ఇటుపక్క డోరులోంచి దిగారు?"

"ఇవాళ నేను పాసింజర్నమ్మా. డ్రైవరు గారు ఈయన. ముందు ఈయనకి వడ్డించు."

ఆవిడ నవ్వి నా అట్టు మీద ఇంకాస్త వెన్న వేసింది. నన్ను "డ్రైవరు గారు" అన్నది అదే మొదటిసారి. నోట్లో ముద్ద పెట్టుకుని తలొంచుకుని తిన్నాను.

రామచంద్రపురం దాటాక రోడ్డు పనుల వల్ల బళ్లను కాలవ గట్టు మీదికి మళ్లించారు. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు, రోడ్డు బాగుంది. ఆ రోజు మాత్రం గట్టు ఒక లారీకే సరిపోయేంత ఉంది. ఎడమ చక్రం పక్కనే నిండుగా పారుతున్న కాలవ. కొంతదూరం వెళ్లేసరికి ఎదురుగా ఇటుకల ట్రాక్టరు వచ్చింది. దానికి తగిలించిన ట్రక్కు నిండా ఇటుకలు, ఆ వెనక ఇంకో రెండు ట్రాక్టర్లు. వాళ్లు వెనక్కి వెళ్లే ప్రశ్నే లేదు.

"వెనక్కి తియ్యండి! మాకెక్కడ కుదురుద్ది?" అని ట్రాక్టరాయన అరిచాడు.

నేను అప్పారావు గారి వైపు చూశాను. అప్పటిదాకా నాలో ఏదో ఒక మూల, అవసరమైతే ఈయన సీటు మారతారులే అన్న ధైర్యం ఉంది. ఆయన తాపీగా అన్నారు: "నేను దిగినా ఉపయోగం లేదురా. నాకు గట్టూ ఒకటే, నీళ్లూ ఒకటే."

ఏం చేయాలో తోచక ముందు బండి దిగాను. దిగాక వెనక్కి నడిచాను. ఎక్కడ మట్టి మెత్తగా ఉందో కాలితో నొక్కి చూశాను. వెనక చేలోకి దిగే చోటు ఒకటి, లారీ ఒదిగేంత వెడల్పుగా కనిపించింది. దాని పక్కన కొబ్బరిమట్ట ఒకటి గుర్తుగా నిలబెట్టాను. నడిచి చూసిన దారి నడపడానికి అంత కొత్తగా అనిపించదని అప్పుడే తెలిసింది. ట్రాక్టరాయన విసుక్కుంటూనే ఉన్నాడు. "ఒక్క నిమిషం ఆగండి, చూసుకునే తీస్తాను" అన్నాను. అద్దంలో కొబ్బరిమట్టను చూసుకుంటూ ఇంచులు ఇంచులుగా వెనక్కి తీసి ఒదిగించాను. ఇటుకల బళ్లు దాటిపోతుంటే మొదటి ట్రాక్టరాయన చెయ్యెత్తి "మంచిదండి!" అన్నాడు. అప్పారావు గారు కళ్లద్దాలు తీసి తువ్వాలుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

ద్రాక్షారామంలో దర్శనానికి ఆగలేదు. మీరు ఆగండి, ఎండ ముదరకముందే గుడి చూసుకుంటే బాగుంటుంది. బస్సులో వచ్చేవాళ్లు రాజమండ్రి నుంచి రామచంద్రపురం వచ్చి, అక్కడ బస్సు మారితే ద్రాక్షారామం మీదుగా యానాం చేరతారు. మేం యానాం వెళ్లేసరికి మధ్యాహ్నం కావస్తోంది. పుదుచ్చేరి పాలనలోని ఊరు కాబట్టి మందు చవక, ఆ షాపుల ముందు పక్క ఊళ్ల బళ్లు అడ్డదిడ్డంగా ఆపి ఉన్నాయి. వాటి మధ్యలోంచి మెల్లగా బయటపడి వంతెన వైపు తిరిగాక అప్పారావు గారు బండి ఆపమన్నారు. రోడ్డు పక్కన గొడుగు వేసుకుని ఆయన కూతురు లక్ష్మి నిలబడి ఉంది. ఆమె అత్తారిల్లు యానాంలోనే.

"మా అమ్మాయి వచ్చేసింది. నేను ఇక్కడ దిగిపోతాను."

"అదేంటండి బాబాయ్! ముమ్మిడివరం దాకా వస్తానన్నారు కదా?"

"ఎవరన్నారు? సుబ్బలక్ష్మి గారన్నారు. నేను ఊఁ అన్నానంతే."

నాకు ఏడుపొక్కటే తక్కువ. "వంతెన అండి..." అన్నాను. ఆయన తలుపు పట్టుకుని మెట్టు వెతుక్కుంటూ దిగి, నా వైపు తిరిగారు.

"హౌరాయో, మొక్కలో, అది నీ ఇష్టం. కానీ భయపడి దేన్నీ వద్దనకు, మోజుపడి దేనికీ ఒప్పుకోకు. ముందు వంతెన దాటు. ఆ తర్వాత ఆలోచించుకుందువు గాని."

ఎదుర్లంక వంతెన ఎక్కాను. పొడవాటి వంతెన, కింద గౌతమి వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. నడుమకి వచ్చేసరికి ఎడమవైపు నుంచి, సముద్రం మీద నుంచి గాలి కొట్టింది. వెనక పామ్ మట్టలు దబదబమని కొట్టుకున్నాయి, బండి ఒక పక్కకి ఒరిగినట్టనిపించింది. జొన్నాడలో మొరాయించిన కాళ్లు మళ్లీ బిగుసుకుపోతున్నాయి. అప్పుడు అనుకోకుండా కిందికి చూశాను. నీటి మీద నల్లటి ముడతలు ఒకదాని వెనక ఒకటి వంతెన వైపు వస్తున్నాయి. ఒక ముడత రావడం, దాని వెనకే గాలి తగలడం, మళ్లీ కాస్త తెరిపి. ఇది నాకు తెలుసు! చిన్నప్పుడు నాన్న చుక్కాని నా చేతికిచ్చి, "నీళ్లు చూడు, గాలి ఎప్పుడొస్తదో అదే చెప్తది" అనేవాడు. వెనక ఉన్న మొక్కలన్నీ నాకు తెరచాపలా తోచాయి. తెరచాప ఉన్న పడవతో గాలిలో ఎలా పోవాలో నాకొకరు నేర్పక్కర్లేదు. వేగం తగ్గించాను. ముడత వస్తున్నప్పుడు స్టీరింగు గట్టిగా పట్టి, తెరిపిలో ముందుకు పోయాను. అవతలి గట్టు దిగాక గానీ నా చేతులు పొడిగా ఉన్నాయన్న సంగతి గమనించలేదు.

మురమళ్ల మీదుగా ముమ్మిడివరం, అక్కడి నుంచి కొబ్బరితోటల మధ్య సన్నటి దారిలో బడికి చేరాను. హెడ్‌మిస్ట్రెస్ మేరీ గారు గేటు దగ్గరికి ఎదురొచ్చారు. వల విప్పుతుంటే ఆవిడ ఒక్కసారిగా ఆగిపోయి, గాలి పీల్చారు.

"సంపెంగ కదండీ ఇది? మొగ్గలే ఉన్నాయన్నారే!"

చూస్తే నిజంగానే ఒక పువ్వు విచ్చుకుని ఉంది. పొద్దున్న మొగ్గగానే ఎక్కించాం. కాలవ గట్టు దగ్గరో, వంతెన మీదో, ఎక్కడో నా వెనకే పూసింది. ఆవిడ ఆ పువ్వు కోయలేదు. "దారిలో పూసిన పువ్వు, ఉండనివ్వండి" అని తొట్టెను తన గది కిటికీ ముందు పెట్టించారు. ఒక్క కొమ్మ విరగలేదు. దించి నీళ్లు చల్లిన మొక్కలన్నీ ఎండలో తడి ఆకులతో మెరుస్తూ నిలబడ్డాయి. వాటిని చూస్తూ అక్కడే చాలాసేపు నిలబడ్డాను.

అప్పుడే బావ ఫోన్ చేశాడు. "ఏంట్రా సత్తీ, కంటైనరు వాళ్లు ఇవాళే చెప్పాలన్నారు. ఏం చెప్పమంటావు?"

"వద్దు బావా."

"భయమా?"

"పొద్దున అడిగుంటే భయమనే చెప్పేవాణ్ణి. ఇప్పుడు కాదు. హౌరా వెళ్లగలను. కానీ నాకు ఈ పనే బాగుంది."

"సరే, ఆలోచించుకునే అన్నావు కదా" అని బావ ఫోన్ పెట్టేశాడు.

తిరుగు ప్రయాణంలో బాబాయ్‌ని ఎక్కించుకోవడానికి యానాంలో లక్ష్మి ఇంటి దగ్గర ఆగాను. ఆయన లోపల నిద్రపోతున్నారు. లక్ష్మి, ఇది పులస చేపల కాలం కానందుకు బాధపడుతూ, నాకు కొరమేను పులుసుతో అన్నం పెట్టింది. వడ్డిస్తూ గొంతు తగ్గించి చెప్పింది: "నాన్న మధ్యాహ్నం వెంటనే ఇంటికి రాలేదన్నయ్యా. ఎండలో వంతెన మొదట్లోనే నిలబడ్డారు. డాక్టరు గారు ఎండలో తిరగొద్దన్నారని ఎంత చెప్పినా వినలేదు. 'ఉండమ్మా, వాడి బండి చప్పుడు ఇంకా వినపడుతోంది' అంటారు. చప్పుడు ఆగకుండా అటు చివరికి పోయిందని రూఢి అయ్యాకే కదిలారు."

ఆయన నన్ను ఒంటరిగా వదిలేశారని నేనేమో దారంతా లోలోపల కష్టపెట్టుకున్నాను. ఆయన నిద్రలేచి వచ్చాక నేను ఆ మాట ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. క్యాబిన్లో కూర్చుని "ఊఁ, పోనీ" అన్నారు, అంతే.

అప్పారావు గారి చూపు తర్వాత బాగుపడింది. మరి కొన్నేళ్లు బండి నడిపి, మొన్నటి వానాకాలంలో కన్నుమూశారు. నేను ఇప్పటికీ మొక్కలే తోలుతున్నాను. బెంగళూరు, నాగపూర్ దాకా వెళ్లొచ్చాను. హౌరా దారిలో వెళ్లే కంటైనర్లు హైవే మీద నన్ను దాటిపోతుంటే ఒక్కోసారి ఆ జీతం గుర్తొస్తుంది, గుర్తు రాదని అబద్ధమాడను. ఆ పని ఇష్టపడి చేస్తున్న స్నేహితులూ నాకున్నారు, వాళ్లదీ మంచి నిర్ణయమే. నాకు అర్థమైంది ఒక్కటే. భయం ఉన్నంతకాలం మనం ఎంచుకున్నామని అనుకుంటాం గానీ నిజానికి తప్పించుకుంటాం. ఎటైనా వెళ్లగలనని తెలిశాకే ఎటు వెళ్లాలన్నది మన చేతికొస్తుంది. నాకు ఆ సంగతి తెలియడానికి ఒక పూట పట్టింది. ఇంకొకరికి ఏడాది పట్టొచ్చు. తొందరేమీ లేదు.

కొత్త డ్రైవర్లకు ఒక్క సలహా: ఏ పనికైనా మాట ఇచ్చే ముందు, నిండు లోడుతో ఆ దారిలో ఒక్క ట్రిప్పు వెళ్లొస్తానని అడగండి. సరుకు దించేశాక వెంటనే బండెక్కకుండా కాసేపు అక్కడే నిలబడండి. మళ్లీ రేపు ఇదే లోడుతో రావాలనిపిస్తే, ఆ పని మీదే.