పథ్యంగారి నడుం కొలత

వీధిలో ఆమెను అందరూ దర్జీ వదిన అంటారు. పిల్లల బడి బట్టలూ, ఉద్యోగస్తుల ప్యాంట్లూ, గుండీలు ఊడిన ముసలివాళ్ళ చొక్కాలూ అన్నీ ఆమె మిషన్ దగ్గరికే వస్తాయి. ఇంట్లో ముందుగది కుట్టుపనికి, వెనకగది వంటకి. మధ్యలో తలుపు లేదు. ఆమె కుట్టిన బట్టలకు కూర వాసన వస్తుందని ఒకావిడ ఒకసారి నోరు జారింది. ఆవిడ గౌను ఆ తర్వాత చాలాకాలం తయారు కాలేదు.

ఆ ఇంట్లో వంట ఆమెది, మాట బావగారిది. ఆయన ఆమె భర్తకు అన్న. పెళ్ళి చేసుకోలేదు. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. పొద్దున్నే ఫోనులో ఎవరెవరో చెప్పింది వింటాడు. సాయంత్రం భోజనాల బల్ల దగ్గర దాన్ని అందరికీ వడ్డిస్తాడు.

"పళ్ళెంలో సగం కూరగాయలు ఉండాలమ్మాయ్. ఉప్పు డబ్బా చేతికి అందని చోట పెట్టు. పాపా, నమిలి మింగు. నీ కడుపులో పళ్ళు లేవు."

భర్త సరుకుల వ్యాను తోలతాడు. ఆకలితో వచ్చి, తల వంచుకుని తింటాడు. "అన్నయ్య చెప్తే చెప్పనీ, మంచిదేగా" అంటాడు.

మంచిదే. ఆమెకు కష్టమంతా అక్కడే. నూనె తగ్గించాక భర్తకు ఛాతీలో మంట పోయింది. కూల్‌డ్రింకు సీసాలు మానేశాక పాప పంటినొప్పి అనలేదు. కాదనడానికి ఆమెకు సందు దొరకలేదు. వీధిలోవాళ్ళు ఆయనకు పథ్యం అని పేరు పెట్టారు. ఎదుటపడితే పథ్యంగారూ అంటారు. ఆయన దాన్ని మర్యాదే అనుకుంటాడు.

మచ్చ విషయంలోనూ శాసనం ఆయనదే. మచ్చ పాప పెంచుకున్న కుక్క. కళ్ళు తెరవని కూనగా ఉన్నప్పుడు గౌను ఒడిలో వేసుకుని తెచ్చింది. ఒళ్ళంతా తెలుపు, ఎడమ కంటి చుట్టూ నలుపు.

"దాని తిండి వేరు, మన తిండి వేరు," అన్నాడు బావగారు. "ఉల్లిపాయ వద్దు, ద్రాక్ష వద్దు, చాక్లెట్ అసలే వద్దు. వేపుళ్ళు, కొవ్వు ముక్కలు దాని కంట పడనివ్వకండి. ఉడికిన ఎముక వేస్తే పేగులో గుచ్చుకుంటుంది."

ఆమె అలాగే చేసింది. ఉప్పు వేయకముందే మచ్చ వంతు తీసి, చిన్న గిన్నెతో కొలిచి, పెరటి గుమ్మం దగ్గర పెట్టేది. అయినా అది లావెక్కింది. తర్వాత కక్కడం మొదలుపెట్టింది. వీపు విల్లులా వంచి నిలబడి, నీళ్ళు కూడా ముట్టేది కాదు. చివరికి ఒళ్ళు ఎండిపోయింది, పొట్ట మాత్రం ఉబ్బింది.

పశువుల డాక్టరు గదిలో స్టీలు బల్ల మీద పడుకోబెట్టారు. దాని గోళ్ళు స్టీలు మీద జారుతుంటే పాప రెండు చేతులతో పట్టుకుంది. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, చేతులు కడుక్కుని వచ్చింది.

"ఎవరో చాలాకాలంగా దీనికి కొవ్వు పదార్థాలు పెడుతున్నారు. క్లోమం పూర్తిగా పాడైంది. ఇంట్లో ఎవరు పెడుతున్నారు?"

గదిలో నలుగురూ ఉన్నారు. బావగారు గొంతు సవరించుకున్నాడు.

"వంటిల్లు మా మరదలి చేతిలో ఉంటుందండీ."

అంతే అన్నాడు. పాప తల ఎత్తి తల్లివైపు చూసింది.

ఆ వారంలోనే మచ్చ పోయింది. ఆ రోజు నుంచి పాప తల్లి వడ్డించింది తినలేదు. పళ్ళెం పక్కకు జరిపి, రొట్టె తనే కోసుకుని, పాలు తనే పోసుకునేది. తల్లి ముద్ద చేసి నోటి దాకా తీసుకెళ్తే పెదవులు బిగించేది. "నువ్వు పెట్టింది నాకొద్దు" అంది ఒకసారి. కోపంగా కూడా అనలేదు. భర్త సర్దిచెప్పాడు. "పోనీలే, ముద్దు చేసి పెట్టావు. తెలియక చేశావు. అదే మర్చిపోతుంది."

చెయ్యని తప్పుకి దొరికిన ఆ క్షమ ఆమెకు తిట్టుకన్నా ఎక్కువగా కాలింది.

నిజం ఉతికే బట్టల్లో దొరికింది. బావగారి ఉద్యోగపు ప్యాంట్లు రెండూ ఆమె కుట్టినవే. అంతవరకూ తనే ఉతుక్కునే ఆయన, మచ్చ పోయాక వాటిని ఆమె తొట్టిలో వేయడం మొదలుపెట్టాడు. ఉతకబోయే ముందు జేబులు వెనక్కి తిప్పడం ఆమె అలవాటు. కుడి జేబు గుడ్డ అడుగుదాకా నూనె తాగి పసుపుపచ్చగా ఉంది. మూలలో వేయించిన మాంసం తునకలు గట్టిపడి అంటుకున్నాయి. జేబు నోటి దగ్గర, కుట్టు దారాల మధ్య, పొట్టి తెల్ల వెంట్రుకలు. ముక్కు పెట్టి తోసి తోసి ఇరుక్కున్నవి.

ఆమె తొట్టి అంచున కూర్చుండిపోయింది. బస్టాండు పక్కన వేపుళ్ళ బండి ఆమె చూసిందే. అక్కడ తినగా మిగిలింది కాగితంలో చుట్టి జేబులో వేసుకొస్తాడన్నమాట. ఎడమ చెయ్యి బల్ల పైన కూరగాయల గొప్ప చెప్తుంటే, కుడి చెయ్యి బల్ల కింద. మచ్చ పాప కాళ్ళ దగ్గర కాకుండా ఆయన కుర్చీ కింద ఎందుకు పడుకునేదో అప్పుడు తెలిసింది.

ఆ జేబు తీసుకెళ్ళి భర్త ముందు పరవచ్చు. పరిస్తే ఏమవుతుంది? "నేను తిన్నానురా, కుక్కకెందుకు పెడతాను" అంటాడు. వాళ్ళిద్దరూ ఒకటవుతారు. తన నోట చెప్తే పాప నమ్మదు. చెప్పాల్సింది ఆయన నోరు. వినాల్సింది పాప చెవులు. అది ఎలా జరుగుతుందో ఆమెకు తెలియలేదు. ఈలోపు ఊరుకోవడం మాత్రం ఆమె వల్ల కాలేదు. ప్యాంటు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసే ముందు వెనక నడుం కుట్టు విప్పింది. ఒక దారం మందం లోపలికి తీసి మళ్ళీ కుట్టేసింది. రెండో ప్యాంటుకీ అంతే.

ఆయన బెల్టు పెట్టుకోడు. తమ ఇంటి దర్జీ కుట్టిన నడుముకి బెల్టు ఎందుకని నలుగురిలో చెప్పుకుంటాడు. ప్రతి ఉతుక్కీ ఆమె కొంచెం లోపలికి తీస్తూ పోయింది. కొత్త కుట్టు పాత కుట్టులా కనిపించడానికి దారాన్ని టీ నీళ్ళలో ముంచి రంగు తగ్గించింది. ఏ పెళ్ళిబట్టల మీదా అంత శ్రద్ధ పెట్టలేదు.

ఒక ఉదయం ఆయన మిషన్ దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, ఈ ప్యాంటు ఉతికితే ముడుచుకుందేమో చూడు."

"ముడుచుకుంటే పొడుగూ తగ్గాలి కదా బావగారూ. పాదాల దగ్గర సరిగ్గానే ఉందే."

"రెండోది కూడా బిగుతే."

"రెండు ప్యాంట్లయినా నడుం ఒకటేగా మరి."

ఆయన నవ్వబోయి మానేశాడు. ఆ పూట తన రొట్టె సగమే తిన్నాడు.

వేపుళ్ళ బండి మానేశాడని జేబే చెప్పింది. గుడ్డ తెల్లగా వస్తోంది. సాయంత్రాలు నడక మొదలుపెట్టాడు. ఉడికించిన కాయలు, పలచటి మజ్జిగ. నిజంగానే చిక్కిపోతున్నాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది, మెడ కాలర్లో గరిటెలా ఆడుతోంది. ఆమె కళ్ళతోనే కొలత తీసుకుని, చిక్కినంతా లెక్కేసి, ఇంకాస్త కలిపి లోపలికి తీసింది. స్నానం చేసి వచ్చినప్పుడు ఆయన పొట్ట చుట్టూ ఎర్రటి గాడి కనిపించేది. చూసి, తల తిప్పుకుని, సూదిలో దారం ఎక్కించుకునేది.

భోజనాల దగ్గర ఉపదేశాలు తగ్గాయి. ఒక ఆదివారం పెరట్లో తమ్ముడితో గొంతు తగ్గించి మాట్లాడుతుంటే కిటికీలోంచి ఆమెకు వినపడింది.

"డిపోలో బరువు తూచుకున్నానురా. బాగా తగ్గింది. పొట్ట మాత్రం పెరుగుతోంది. ఒళ్ళు తగ్గి పొట్ట పెరగడమంటే ఏమిటో తెలుసా?"

"గ్యాస్ అయ్యుంటుంది అన్నయ్యా."

"నువ్వు మచ్చని చూడలేదా?"

ఆమె చేతిలో కత్తెర ఆగింది. ఆయన భయం మచ్చ వైపు తిరుగుతుందని ఆమె కూడా అనుకోలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన సాయంత్రం ఆయన పళ్ళెం ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పాప తన రొట్టె తను కోసుకుంటోంది.

"ఏవో పరీక్షలు చేయించమన్నాడు," అన్నాడు. "ఏం తింటావని అడిగాడు."

భర్త నవ్వాడు. "నీకంటే పథ్యం చేసేవాళ్ళెవరున్నారు? చెప్పకపోయావా?"

బావగారు గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు.

"మచ్చకి వచ్చిందే నాకూ వచ్చిందిరా."

"కుక్క జబ్బు మనిషికి ఎందుకొస్తుంది?"

"ఒకటే తిండి తిన్నాం కదా. నేను తిన్నదే అదీ తింది. ఇక్కడే, ఈ బల్ల కింద."

పాప చేతిలో చాకు రొట్టెలో సగం దిగి ఆగింది.

"ఎవరు పెట్టారు పెదనాన్నా?"

"నేనే తల్లీ."

"రోజూనా?"

"అది అలా చూసేది కదా. నా మోకాలి మీద తల పెట్టి చూసేది. ఇంకెవరూ నన్ను అలా..."

"అమ్మ పెట్టిందన్నావ్."

"అనలేదమ్మా. వంటిల్లు అమ్మ చేతిలో ఉంటుందని మాత్రమే అన్నాను."

మోకాలి మీద తల అన్న మాటకి ఆమె మనసు కరగబోయింది. కరగనివ్వలేదు. గ్లాసులో నీళ్ళు నిండా పోసి ఆయన ముందు పెట్టింది.

"తినండి బావగారూ. ఖాళీ కడుపుతో ఉండకూడదని మీరే చెప్తారు."

మర్నాడు మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన పాప వంటింట్లోకి వెళ్ళి, తల్లి మూతపెట్టి ఉంచిన గిన్నె తెచ్చుకుని మిషన్ పక్కన నేల మీద కూర్చుంది. తల్లి అటు చూడకుండా ఉండడానికి ప్రయత్నించింది. ఆమె ఒళ్ళో బావగారి ప్యాంటు ఉంది. వెనక కుట్టు విప్పుతోంది. అనుకున్నది దక్కింది, ఇక చాలనుకుంది. నడుం వదులైతే ఆయన భయమూ వదులుతుంది.

పాప చాలాసేపు ఆ విప్పే చేతిని చూసింది. గుడ్డ మీద వరసగా పాత సూది రంధ్రాలు, ఒకదాని పక్కన ఒకటి.

"అది పెదనాన్నది కదా?"

"అవును."

"నువ్వే బిగించావా?"

తల్లి ఇంకో కుట్టు విప్పింది. పాప గిన్నె ముందుకు చాపింది.

"ఇంకా ఉందా?"

ఆమె లేచి వెళ్ళి, చేతులు తుడుచుకుని, వడ్డించి తెచ్చింది. పాప ఒక ముద్ద తిని, అడిగింది.

"ఇప్పుడు వదులు చేస్తావా?"

"చేద్దామనే."

"వద్దు. ఆ పరీక్షలన్నీ అయ్యేదాకా అలాగే ఉంచు."

తల్లి ఆ ముఖంలోకి చూసింది. చిన్న ముఖం, బిగిసిన దవడ, తడి లేని కళ్ళు. ఇన్నాళ్ళూ మిషన్ పక్కన అద్దంలో తను చూస్తున్నదే. తల్లీకూతుళ్ళకు అసలు పోలికలే లేవని వీధిలో అంటుంటారు.

కూతురు తిరిగొచ్చింది, ఇలా తిరిగొచ్చింది. ఏదో చెప్పాలనుకుంది. చెప్తే ఆ గిన్నె మళ్ళీ పక్కకు జరుగుతుందేమో.

విప్పిన చోటే మళ్ళీ గుడ్డను సూది కింద పెట్టి మిషన్ తొక్కింది. గుడ్డ జారకుండా పాప రెండో అంచు పట్టుకుంది.